పర్యావరణ అనుకూల ప్రవర్తన: మతం, జెండర్, పరస్పర నమ్మకం

నీళ్లు, కరెంటు పొదుపుగా వాడటం, చెత్త వేరుచేయడం, పచ్చని చెట్టు కొట్టకపోవడం, ఊరి చెరువునో అడవినో కలిసి కాపాడుకోవడం వంటి పనులన్నిటినీ పర్యావరణ అనుకూల ప్రవర్తన అంటారు. ఆదాయం, చదువు, చట్టాలతో పాటు మతం, జెండర్, తోటివారి మీద నమ్మకం కూడా దీన్ని ప్రభావితం చేస్తాయి. ఈ మూడూ విడివిడిగా పనిచేసే సందర్భాలు తక్కువ.

మతం పాత్రపై చర్చ 1967లో అమెరికా చరిత్రకారుడు లిన్ వైట్ ‘సైన్స్’ పత్రికలో రాసిన వ్యాసంతో ఊపందుకుంది. ప్రకృతి ఉన్నది మనిషి కోసమేనన్న పాశ్చాత్య క్రైస్తవ భావనే పర్యావరణ సంక్షోభానికి మూలమని ఆయన వాదించాడు. తర్వాతి సర్వేల ఫలితాలు ఒక్క తీరుగా లేవు. సృష్టిని కాపాడటం దేవుడు అప్పగించిన బాధ్యతని నమ్మే క్రైస్తవులూ ఉన్నారు. 2015లో పోప్ ఫ్రాన్సిస్ వెలువరించిన ‘లౌదాతో సీ’ లేఖ ఆ కోవలోదే.

విశ్వాసం నడవడిగా మారిన తీరు రాజస్థాన్‌లోని బిష్ణోయి మతశాఖవారిలో స్పష్టంగా కనిపిస్తుంది. 15వ శతాబ్దంలో గురు జంభేశ్వర్ వారికి 29 నియమాలు ఏర్పరిచాడు. పచ్చని చెట్టు కొట్టకూడదన్నది వాటిలో ఒకటి. కట్టెలతో పని పడకుండా వారు శవాలను పూడ్చిపెడతారు. ఎడారి పల్లెల్లో జమ్మిచెట్టు ఆకు పశువులకు మేత, కాయ మనుషులకు కూర. 1730లో జోధ్‌పూర్ రాజు మనుషులు సున్నం బట్టీల కోసం ఖేజర్లీ గ్రామంలో జమ్మిచెట్లు నరకడానికి వచ్చినప్పుడు ఆ ఊరి అమృతాదేవి, ఆమె ముగ్గురు కూతుళ్లు చెట్లను కావలించుకొని ప్రాణాలు వదిలారు. మొత్తం 363 మంది చనిపోయారని బిష్ణోయిలు చెబుతారు.

తెలుగువారికీ జమ్మి పవిత్రమే. తెలంగాణకు అది రాష్ట్ర వృక్షం. దసరా నాడు జమ్మి ఆకును బంగారమంటూ పంచి పెద్దల కాళ్లకు మొక్కుతారు. అయితే ఆ భక్తి చాలావరకు పండుగ రోజుదే. మర్నాడు పొలం గట్టు మీది జమ్మిని ఎవరైనా నరికితే నిలదీసే కట్టుబాటు అంతగా కనిపించదు. తేడా చెట్టు మీది భక్తిలో కన్నా ఇరుగుపొరుగు కాపలాలో ఉంది.

ఆ కాపలాకు ఆధారం నమ్మకం. ఉమ్మడి వనరులను జనమే కాపాడుకోగలరని ఎలినార్ ఆస్ట్రామ్ 1990లో తన పుస్తకంలో చూపింది. 2009లో ఆమెకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆమె చెప్పిన ఉదాహరణల్లో స్విట్జర్లాండ్‌లోని టోర్బెల్ గ్రామం ఒకటి. చలికాలంలో ఎవరు ఎన్ని ఆవులను మేపగలరో అన్నిటినే వేసవిలో ఉమ్మడి బీడుకు తోలాలని అక్కడ 1517 నాటి నియమం. అందరూ పాటిస్తున్నారన్న భరోసా ఉన్నంతకాలం ఎవరికీ అది బరువనిపించదు. ఇంట్లో తడి చెత్త, పొడి చెత్త వేరుచేసి ఇస్తే, ఎదురుగానే బండిలో రెండూ కలిపేశారనుకోండి. రేపటి నుంచి వేరుచేసేదెవరు?

ఇక జెండర్ సంగతికొస్తే, 2000లో లినెట్ జెలెజ్నీ బృందం ప్రచురించిన 14 దేశాల పరిశీలనలో పురుషుల కన్నా స్త్రీలే పర్యావరణం పట్ల ఎక్కువ శ్రద్ధ చూపారు. పెంపకం, సంరక్షణ బాధ్యతలే ఇందుకు కారణమని పరిశోధకులు అంటారు. ఆ బాధ్యతల్లో భాగంగానే ఇంటి చెత్త వేరుచేసే చాకిరీ కూడా ఆడవాళ్ల మీదే పడుతోంది. కట్టెలు, మేత తెచ్చే స్త్రీలకు అడవి పోతే వెంటనే తగిలే దెబ్బ వేరు. 1974లో ఉత్తరాఖండ్ కొండల్లోని రేణి గ్రామంలో మగవాళ్లు ఊళ్లో లేని రోజున, గౌరాదేవి వెంట నడిచిన స్త్రీలు చెట్లు నరకడానికి వచ్చినవారిని అడ్డుకున్నారు. ఇంత చేసినా అడవులను కాపాడే గ్రామ కమిటీల్లో స్త్రీలకు చోటు దొరకడం కష్టమే. గుజరాత్, నేపాల్‌లలో బీనా అగర్వాల్ జరిపిన అధ్యయనంలో, కార్యవర్గంలో స్త్రీలు ఎక్కువగా ఉన్నచోట అడవి మెరుగ్గా కోలుకుంది. సభ్యుల్లో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా స్త్రీలుంటేనే వారు సమావేశాల్లో నోరు విప్పి మాట్లాడగలుగుతున్నారని కూడా ఆమె గమనించింది.