శస్త్రచికిత్స తర్వాత కుందేలు సంరక్షణ: కుట్ల కంటే కడుపే ముఖ్యం

పెంపుడు కుందేలుకు శస్త్రచికిత్స జరిగిందంటే ఇంటివారి దృష్టి అంతా కుట్ల మీదే ఉంటుంది. గాయం ఎర్రబడిందా, దారం ఊడిందా అని పదేపదే చూస్తారు. నిజానికి కుందేలు కోలుకుంటోందో లేదో తెలిసేది దాని మేత గిన్నెలోనూ, అది వేసే పెంటికలలోనూ. కోత చక్కగా మానుతున్నా, మేత మానేసిన కుందేలు రెండు మూడు రోజుల్లోనే ప్రాణాపాయంలో పడవచ్చు.

పుదుచ్చేరి పట్టణానికి పశ్చిమాన కురుంబపేటలో 1994లో ఏర్పాటైన పశువైద్య కళాశాల ఉంది. నేడు దీనిని రాజీవ్ గాంధీ పశువైద్య విద్యా పరిశోధన సంస్థగా వ్యవహరిస్తున్నారు. పట్టణవాసులకు బోధనాసుపత్రి ఇంత దగ్గరలో ఉండటం వెసులుబాటే. అయితే శస్త్రచికిత్సకు పట్టేది గంటో రెండు గంటలో. ఆ తరువాతి పది రోజుల బాధ్యత ఇంటివారిదే. కుందేళ్లకు సాధారణంగా జరిగే శస్త్రచికిత్సలలో సంతాన నిరోధక చికిత్స ముఖ్యమైనది. ఆడ కుందేళ్లలో నాలుగేళ్లు దాటిన తర్వాత గర్భాశయ క్యాన్సర్ తరచుగా కనిపిస్తుంది కాబట్టి ముందే గర్భాశయాన్ని తొలగించమని పశువైద్యులు సూచిస్తారు. అతిగా పెరిగిన దంతాలు, చీముగడ్డలు, మూత్రాశయంలో రాళ్లు, ఎముక విరుగుళ్లు మిగిలిన కారణాలు.

కుందేలుకు మత్తు ఇవ్వడం కుక్కకో పిల్లికో ఇచ్చినంత తేలిక కాదు. 2008లో బ్రిటన్‌లో వెలువడిన ఒక విస్తృత అధ్యయనం ప్రకారం మత్తుకు సంబంధించిన మరణాలు కుక్కల్లో 0.17 శాతం, పిల్లుల్లో 0.24 శాతం ఉండగా, కుందేళ్లలో 1.39 శాతం. ఆరోగ్యంగా ఉన్న కుందేళ్లను మాత్రమే లెక్కిస్తే ఇది 0.73 శాతం. ఇక్కడ గమనించవలసినది మరొకటి ఉంది. ఆ కుందేళ్ల మరణాలలో సగానికి పైగా శస్త్రచికిత్స జరుగుతున్నప్పుడు కాక, అది ముగిసిన తర్వాతే సంభవించాయి. అంటే జాగ్రత్త అత్యవసరమైన సమయం బల్ల మీద నుంచి దింపిన తర్వాతే మొదలవుతుంది.

దీనికి కారణం కుందేలు జీర్ణవ్యవస్థ. గడ్డిలోని పీచును పులియబెట్టి పోషకాలుగా మార్చే సూక్ష్మజీవులు దాని పెద్దపేగు మొదట్లోని సంచిలో నివసిస్తాయి. ఈ యంత్రాంగం నడవాలంటే పీచు నిరంతరం లోపలికి వెళుతూ ఉండాలి. నొప్పి, భయం, మత్తు, ఆకలి, వీటిలో ఏ ఒక్కటైనా పేగుల కదలికను మందగింపజేస్తుంది. కదలిక మందగిస్తే లోపల వాయువు చేరుతుంది, వాయువు వల్ల నొప్పి, నొప్పి వల్ల మరింత ఆకలి లేమి. ఈ వలయంలో చిక్కుకున్న కుందేలుకు, ముఖ్యంగా లావుగా ఉన్నదానికి, కాలేయంలో కొవ్వు పేరుకుపోయే ముప్పు కూడా ఉంది.

మనుషులకు చేసినట్లు శస్త్రచికిత్సకు ముందురోజు రాత్రి నుంచి కుందేలును పస్తు పెట్టేవారున్నారు. ఇది పొరపాటు. కుందేలు వాంతి చేసుకోలేదు కాబట్టి ఆ భయం లేదు. నోట్లో మేత ఉండకుండా గంటా రెండు గంటల ముందు గిన్నె తీస్తే సాధారణంగా సరిపోతుంది. ఆసుపత్రికి తీసుకువెళ్లే పెట్టెలోనే దానికి అలవాటైన ఎండుగడ్డి, ఆకుకూర పెట్టుకోవడం మంచిది. తెలివి రాగానే తెలిసిన వాసన గల మేత కనిపిస్తే కుందేలు త్వరగా నోరు కదుపుతుంది.

ఇంటికి చేరిన తర్వాత మొదటి సమస్య వేడి. మత్తులో ఉన్నప్పుడు శరీర ఉష్ణోగ్రత పడిపోతుంది. కుందేలు సాధారణ ఉష్ణోగ్రత 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్. 38 కంటే తగ్గితే వెంటనే పశువైద్యులకు తెలియజేయాలి. అందువల్ల మొదటి కొన్ని గంటలు వెచ్చగా ఉంచాలి. తువ్వాలులో చుట్టిన గోరువెచ్చని నీటి సీసాను గూటిలో ఒక పక్కన మాత్రమే పెడితే, వేడి ఎక్కువైనప్పుడు కుందేలు అవతలి పక్కకు జరగగలదు. ఏసీ గాలి, ఫ్యాన్ గాలి నేరుగా తగలకూడదు.

అయితే పుదుచ్చేరిలో ఈ సలహాకు ఒక మెలిక ఉంది. పెంపుడు కుందేలు పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్, దక్షిణ ఫ్రాన్స్ ప్రాంతాలవి. ఫ్రెంచి పాలనలో ఉన్న ఊరే అయినా ఇక్కడి వాతావరణం ఆ దేశాన్ని పోలదు. చెమట పట్టని ఈ జంతువు ప్రధానంగా చెవుల ద్వారానే వేడిని వదులుతుంది. గది 30 డిగ్రీలు దాటితే, తేమ కూడా తోడైతే, అది రొప్పుతుంది. మే నెలలో అగ్ని నక్షత్రం రోజుల్లో, సముద్రపు గాలి ఆలస్యమైన మధ్యాహ్నాల్లో, పై అంతస్తు గదులు కుందేలుకు పనికిరావు. కనుక పూర్తిగా తెలివి వచ్చి, లేచి తిరగడం మొదలుపెట్టిన తర్వాత వెచ్చని సీసా తీసివేసి, చల్లని గచ్చు ఉన్న కింది గదిలోకి మార్చాలి. అత్యవసరం కాని శస్త్రచికిత్సలను డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య చేయించుకోవడం తెలివైన పని.

రెండవది నొప్పి. కుందేలు వేటాడబడే జంతువు, బాధను బయటపెట్టదు. మూలన ముడుచుకుని కూర్చోవడం, కళ్లు సగం మూయడం, చెవులు వెనక్కు ముడవడం, పళ్లు గట్టిగా కొరకడం నొప్పికి గుర్తులు. నొప్పి నివారణ మందును, సాధారణంగా మెలాక్సికామ్‌ను, పశువైద్యులు చెప్పినన్ని రోజులు ఇవ్వాలి. చురుకుగా కనిపిస్తోంది కదా అని మధ్యలో ఆపకూడదు. ఇంట్లో ఉన్న మనుషుల మాత్రలు మాత్రం ఇవ్వకూడదు. మన దేశంలో పశువుల వాడకానికి డైక్లోఫెనాక్‌ను 2006లో నిషేధించారు. ఆ మందు అవశేషాలున్న పశు కళేబరాలను తిన్న రాబందులు వేలాదిగా చనిపోవడమే అందుకు కారణం. ఆ తర్వాత దాని స్థానంలో ప్రోత్సహించినది మెలాక్సికామ్‌నే.

సూక్ష్మజీవనాశక మందుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పెన్సిలిన్, ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్, క్లిండామైసిన్ వంటివి నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులు నశించి, ప్రాణాంతకమైన విరేచనాలు పట్టుకుంటాయి. మందుల దుకాణంలో అడిగి కొనే అలవాటు ఇక్కడ పనికిరాదు.

ఇక మేత. ఇంటికి వచ్చిన కొన్ని గంటల్లో కుందేలు ఏదో ఒకటి కొరకాలి. ఎండుగడ్డి అన్నిటికంటే ముఖ్యం. తాజా గరిక చాలా కుందేళ్లకు ప్రీతి. వినాయకునికి సమర్పించే గరిక పట్టణంలో సులువుగానే దొరుకుతుంది గాని, అది ఎక్కడ కోసినదో తెలియదు కాబట్టి బాగా కడగాలి. కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు వాసనకు ఆకలి పుడుతుంది. ప్రేమతో పెట్టే అన్నం, ఇడ్లీ, రొట్టె, బిస్కెట్లు, తీపి పండ్లు మాత్రం ఈ రోజుల్లో కడుపును పాడుచేస్తాయి. నీళ్లు సీసాలో కంటే వెడల్పైన గిన్నెలో పెడితే మెడ వంచి సులభంగా తాగుతుంది.

పన్నెండు గంటలు గడిచినా తినకపోతే దాన్ని అత్యవసర పరిస్థితిగానే పరిగణించి పశువైద్యులకు చెప్పాలి. వారి సలహాపై సూది లేని సిరంజితో మేత ఇవ్వవచ్చు. ఇందుకు ప్రత్యేకమైన పీచు పొడి దొరుకుతుంది, అది లేనప్పుడు నానబెట్టిన గుళికల మేతను మెత్తగా నూరి పలచగా చేసుకోవచ్చు. కుందేలును వెల్లకిలా పడుకోబెట్టకుండా, తువ్వాలులో చుట్టి, ముందు పళ్ల పక్కనుంచి కొద్దికొద్దిగా వదలాలి. నమిలి మింగే వ్యవధి ఇవ్వకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కడుపు డోలులా బిగిసి ఉంటే మాత్రం బలవంతంగా ఏదీ పెట్టకూడదు. అది పేగు మూసుకుపోయిన సూచన కావచ్చు, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

పెంటికలను ఉదయం, సాయంత్రం లెక్కించి రాసిపెట్టుకోవడం వింతగా అనిపించవచ్చు గాని, వైద్యుడికి అంతకంటే పనికివచ్చే నివేదిక లేదు. మొదటి రోజు తక్కువగా, చిన్నవిగా ఉండటం సహజం. రెండవ రోజుకు పరిమాణం పెరగాలి. రోజూ ఒకే వేళకు వంటింటి కాటా మీద బరువు తూచడం మరో మంచి అలవాటు.

గాయాన్ని రోజుకు రెండుసార్లు చూస్తే చాలు. కొద్దిపాటి ఎరుపు సహజమే. గట్టిగా పెరిగే వాపు, దుర్వాసన, తడి ఉంటే ఆలస్యం చేయరాదు. కుందేలు చీము పాలలా కారదు, వెన్నముద్దలా గట్టిగా ఉంటుంది, అందుకే అది తనంతట తాను బయటికి రాదు. కుట్లు కొరకకుండా మెడకు కట్టే పట్టీని వైద్యులు చెబితేనే వాడాలి. ఆ పట్టీ ఉంటే కుందేలు రాత్రివేళ వేసే మెత్తని పెంటికలను తిరిగి తినలేదు, వాటిలోని పోషకాలు దానికి అవసరం. స్నానం చేయించకూడదు. గూటిలో రంపపు పొట్టుకు బదులు శుభ్రమైన బట్ట లేదా వార్తాపత్రిక వేసి, తడిసిన వెంటనే మార్చాలి. ఈశాన్య రుతుపవనాల కాలంలో ఈగలు ఎక్కువ. తడిసిన వెనుక భాగంలోనో గాయంలోనో అవి గుడ్లు పెడితే ఒక్క రోజులోనే పురుగులు పుడతాయి. కిటికీకి దోమల వల తప్పనిసరి.

వారం పది రోజుల పాటు ఎత్తు నుంచి దూకనివ్వకూడదు. ఎత్తుకునేటప్పుడు వెనుక కాళ్లకు చేయి ఆసరా ఇవ్వాలి. కుందేలు ఒక్కసారిగా తన్నుకుంటే దాని వెన్నెముకే విరిగే ప్రమాదముంది. జంటగా పెరిగిన తోడును పూర్తిగా వేరుచేస్తే దిగులుతో మేత మానేసేవి ఉన్నాయి, కాబట్టి వల అవతలైనా కనబడేలా ఉంచడం మేలు. మగ కుందేలుకు సంతాన నిరోధక శస్త్రచికిత్స జరిగితే మాత్రం, కుట్లు మానినా, ఆడ కుందేలుతో కలపడానికి నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. అప్పటివరకు దానికి సంతాన సామర్థ్యం మిగిలే ఉంటుంది.