ఫిరంగుల వీథి, రేడియో సందు

ఆబిడ్సునుండి ఫతేమైదానము వైపు పోవువారు గన్‌ఫౌండ్రీ అను పేరును ఎన్నిసార్లు పలుకుదురో లెక్కలేదు. ఆటోవానితో బేరమాడునపుడు పలుకుదురు. ఆలియా, మహబూబియా పాఠశాలల త్రోవ చెప్పునపుడు పలుకుదురు. 2017 ఏప్రిల్ 1న విలీనమగువరకు స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు ప్రధాన కార్యాలయ మిచ్చటనే యుండెను గనుక పింఛనుదారులును పలుకుచు వచ్చిరి. అయినను ఆ పేరిలో ఫిరంగులు పోతపోసిన కొలిమి యొకటి కలదని తలచువారు తక్కువ. ఉర్దూ తెలిసిన పెద్దలు దీనిని తోప్ కా సాంచా అందురు. తోపు అనగా ఫిరంగి, సాంచా అనగా మూస. మాకు ఈ పాతపేరే ఎక్కువ నచ్చును. ఇందులో పనివాని చేయి కనబడుచున్నది.

ఆ కొలిమిని 1786లో నెలకొల్పినవాడు మిషెల్ జోషిమ్ మారి రేమండ్ అను ఫ్రెంచివాడు. 1755లో గాస్కనీ సీమలో పుట్టి, 1775లో పుదుచ్చేరికి వచ్చి, తుదకు రెండవ ఆసఫ్‌జా నిజాం అలీఖాను కొలువులో సేనానాయకుడయ్యెను. జనులు ఆయనను మూసారాం అనిరి. మూసారాంబాగు పేరు అట్లు వచ్చినదే. 1798 మార్చి 25న ఆయన మరణించెను. సెప్టెంబరులో నిజాము ఆంగ్లేయులతో సంధి చేసికొనెను. అక్టోబరులో ఫ్రెంచిదళములు ఆయుధములు దింపినవి. కొలిమి గోడలు మాత్రము మిగిలినవి. అచ్చట లోహము కరగించిన పనివాండ్ర పేర్లు మనకు చేరలేదు. ఒక సేనాని కోటలోపల దాగిన విద్య ఆ సేనానితోడనే గడప దాటిపోవుట చరిత్రలో క్రొత్త కాదు.

ఆ గోడలకు అల్లంత దూరమున చిరాగ్ అలీ సందు కలదు. నిజాం ప్రభుత్వమున ఉన్నతోద్యోగియు గ్రంథకర్తయు నగు మౌల్వీ చిరాగ్ అలీ పేరిట అది వెలసినది. ఆ సందులో, 1930 దశకపు తొలి సంవత్సరములలో, తపాలా తంతి శాఖ ఉద్యోగి మహబూబ్ అలీ తన సొంత పూనికతో ఒక ప్రసార కేంద్రమును నడపెను. దాని శక్తి 200 వాట్లు; నూరు వాట్ల బల్బులు రెండింటిని వెలిగించుటకు చాలినంత. 1935 ఫిబ్రవరి 3న నిజాం ప్రభుత్వము దానిని స్వాధీనము చేసికొనెను. అదియే దక్కన్ రేడియోగా పెరిగి, 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో చేరెను. రేడియో ఉద్యోగులమగు మేము మా వంశావళి చెప్పవలసివచ్చినపుడు సర్కారు ఉత్తర్వుతో మొదలుపెట్టుట అలవాటు. ఉత్తర్వునకు ముందు ఒక మనిషియు, ఆయన సరదాయు ఉండెనని చెప్పుట మరతుము. ఇది మా లోపమే.

మద్రాసు కథ దీనికి అన్నవంటిది. 1924 మే 16న సి.వి. కృష్ణస్వామి చెట్టి పూనికపై మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడెను. జులై 31న 40 వాట్ల యంత్రముతో ప్రసారము మొదలిడెను. ధనము చాలక 1927 అక్టోబరులో మూతపడెను. యంత్రము నగరపాలక సంస్థ చేతికి పోయెను. ఒకచోట సరదాను సర్కారు మ్రింగెను, మరియొకచోట దారిద్ర్యము మ్రింగెను. మ్రింగినను కడుపులో అరిగిపోలేదు గదా; మనము నేడు వినుచున్న ప్రసారములు ఆ బీజములనుండి మొలచినవే.

ప్రసారము ప్రభుత్వపరమైన పిదప ఔత్సాహికులకు మిగిలినది హామ్ రేడియో. పరీక్ష వ్రాసి అనుజ్ఞాపత్రము పొందవలెను. పాటలు వేయరాదు, వ్యాపారము చేయరాదు. తమవంటివారితో మాటలాడవచ్చును, యంత్రములను పరిశోధింపవచ్చును. హైదరాబాదున 1983లో నెలకొనిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఇందుకు శిక్షణ యిచ్చెను. 2004 డిసెంబరులో ఆ సంస్థ బృందము పోర్టుబ్లెయిరులో నుండగా 26వ తేదీన సునామీ విరుచుకుపడెను. బృంద నాయకురాలు భారతీ ప్రసాద్ తాము సరదాకై కొనిపోయిన సెట్లతోడనే ద్వీపవాసుల క్షేమసమాచారములను ఒడ్డునకు చేరవేసిరి.

అయితే సెట్టు కొనుట సామాన్యునకు శక్యమా? విదేశీ సెట్టు వెల వినినవాడు మరల ఆ ఊసెత్తడు. ఈ చిక్కుముడిని విప్పబూనినవారు హైదరాబాదు ఔత్సాహికుడు అష్హర్ ఫర్హాన్. 2010లో బంజారాహిల్సున లామకాన్ అను సాంస్కృతిక వేదికను ఆరంభించినవారిలో నొకరు. ఆయన రచించిన బిటెక్స్ అను యంత్రమున వినుటకును పలుకుటకును ఒకే వలయము పనిచేయును. ఎదురెదురుగా నడువగల వర్ధకములే దాని కీలకము. తొలి రూపము 14 మెగాహెర్ట్జులపై సుమారు ఆరు వాట్లనిచ్చెను. తీగచుట్టలకు ప్రత్యేకమైన ఫెరైటు ఉంగరములు దొరకవని తెలిసి ఆయన కుళాయి వాషర్లపై తీగ చుట్టిరి. మాకు ఈ ముచ్చటయే అన్నిటికంటె హృద్యముగా తోచును. ప్రయోగశాల లేనివానికి ఇనుపసామాను దుకాణమే ప్రయోగశాల. వలయపటమును ఆయన దాచుకొనక లోకమునకు చూపిరి. దేశదేశముల ఔత్సాహికులు కట్టిచూచి, తప్పులు దిద్ది, మార్పులు చేసిరి.

ఒక లోపము మిగిలెను. వేడి తగిలినపుడు స్టేషను జరిగిపోవుట పాత ఆసిలేటరుల స్వభావము. మాట వినుచుండగనే గొంతు పక్షికూతగా మారును. 2016-17 ప్రాంతమున వచ్చిన బిటెక్స్ 40 అను సెట్టునకు ఈ జాడ్యము కుదుర్చుటకు రాడ్యునో అను చిన్నపలక తోడయ్యెను. ఇటలీలోని ఇవ్రియాలో 2005లో పుట్టిన ఆర్డ్యునో కుటుంబపు మైక్రోకంట్రోలరు అందుండును. గుండీ త్రిప్పగా మారు వోల్టేజీని అది చదువును, లెక్కవేయును, స్ఫటికమునుండి స్థిరతరంగము పుట్టించు మరియొక చిప్పునకు అంకెలు పంపును, చిన్నతెరపై సంఖ్య చూపును. దాని ప్రోగ్రామునకు చోటు 32 కిలోబైట్లు. పని నడచునపుడు జ్ఞాపకమునకు రెండే కిలోబైట్లు. మనము చేతిలో పట్టుకొను ఫోనులోని ఒక్క ఛాయాచిత్రము అందు పట్టదు. ప్రోగ్రామును సైతము బహిరంగముగా నుంచుటచే, కొనినవారు దానిని తిరిగి వ్రాసిరి; ఒకరు మోర్సు చేర్చిరి, మరియొకరు రెండు స్టేషనులను గుర్తుంచుకొను నేర్పు చేర్చిరి. ఈ సెట్ల తీగచుట్టలను హైదరాబాదు స్త్రీల బృందమొకటి చేతితో చుట్టినది.

ఇటీవల మా పాత టేపురికార్డరుకు కెపాసిటరొకటి కావలసి కోఠి గుజరాతీ గల్లీకి పోతిమి. గన్‌ఫౌండ్రీనుండి నడచిపోదగిన దూరమే. దుకాణముల ముందు చిన్నడబ్బాలలో రెసిస్టర్లు, డయోడులు పప్పుదినుసులవలె పోసియుండెను. మా ముందు నిలిచిన కుర్రవాడు ఆర్డ్యునో పలక అడిగెను. దుకాణదారుడు తలయెత్తక, “ఒరిజినల్ గావాల్నా, కాపీ గావాల్నా?” అనెను. కుర్రవాడు జేబులోని నోట్లు లెక్కించి కాపీయే యిమ్మనెను. ఏమి చేయుదువని అడుగగా, మోర్సు కొట్టు పనిముట్టు చేయుదుననియు, పరీక్షకు ఇంకను కూర్చుండలేదనియు చెప్పెను. మా కెపాసిటరు ఆనాడు దొరకలేదు. వచ్చే వారము రమ్మనిరి.