కోల్ష్ బీరు

కోల్ష్ జర్మనీలో రైన్ నది ఒడ్డున ఉన్న కొలోన్ నగరపు బీరు. లేత బంగారు రంగు, గ్లాసు అవతల ఏముందో కనిపించేంత తేటదనం, కొద్దిపాటి చేదు, 4.8 శాతానికి అటూ ఇటూగా ఆల్కహాల్ దీని గుర్తులు. ఏల్ జాతి బీర్లను పులియబెట్టినట్టే దీన్నీ ఓ మోస్తరు వెచ్చదనంలో పులియబెడతారు. ఆ తర్వాత లాగర్ బీరులా సున్నా డిగ్రీలకు దగ్గరి చలిలో వారాల తరబడి నిలవ ఉంచుతారు. ఈ రెండు పద్ధతులూ కలవడం వల్లే దీనికి ఎండాకాలానికి తగిన తేలికదనం వచ్చింది. ఇంట్లో సొంతంగా బీరు కాచుకునేవాళ్లకు, ముఖ్యంగా అమెరికాలో, ఇది చాలాకాలంగా ఇష్టమైన వేసవి బీరు.

పాత నగరం, కొత్త బీరు

కొలోన్‌లో బీరు కాయడం మధ్యయుగాల నుంచీ ఉన్న వృత్తి. హాప్స్ పువ్వుల వాడకం రాకముందు చేదు కోసం, వాసన కోసం గ్రూట్ అనే మూలికల మిశ్రమాన్ని వేసేవారు. దాని మీద హక్కు ఆర్చిబిషప్‌ది కాబట్టి బీరు కాచేవాళ్లు ఆయనకు సొమ్ము చెల్లించుకోక తప్పేది కాదు. 1396లో నగరంలోని వర్తక, వృత్తి సంఘాలు ఏకమై పాత కులీన కుటుంబాల పెత్తనాన్ని తొలగించి, నగరానికి కొత్త రాజ్యాంగం రాసుకున్నాయి. దానిపై ముద్రలు వేసిన 22 సంఘాల్లో బీరు తయారీదారులదీ ఒకటి. బీరు వ్యాపారానికి నగర పాలనలో ఎంత పలుకుబడి ఉండేదో దీన్నిబట్టే తెలుస్తుంది.

బీరును పులియబెట్టే ఈస్ట్ ప్రధానంగా రెండు రకాలు. 15 నుంచి 22 డిగ్రీల మధ్య చురుగ్గా పనిచేస్తూ నురగతోపాటు పైకి తేలేది ఒకటి. దానితో తయారయ్యేది ఏల్. పది డిగ్రీల చలిలోనూ నిదానంగా పనిచేసి అడుగున పేరుకునేది రెండోది. దానితో తయారయ్యేది లాగర్. 1603లో కొలోన్ నగర మండలి అడుగున పులిసే బీరును నగరంలో కాయకూడదని నిషేధించింది. దక్షిణాన బవేరియా లాగర్ వైపు మొగ్గుతున్న కాలంలో కొలోన్ పాత పద్ధతికే కట్టుబడింది.

కోల్ష్ ఆ 1603లోనే పుట్టిందని చెప్పేవారున్నారు. అది అతిశయం. ఆ నిషేధం కాపాడింది పులియబెట్టే పద్ధతిని మాత్రమే. నాటి బీర్లలో ఇప్పటి లేత రంగు గానీ, తేటదనం గానీ లేవు. అవి రావాలంటే పందొమ్మిదో శతాబ్దపు యంత్రాలు రావాలి. 1842లో బొహీమియాలోని పిల్సెన్ పట్టణంలో జోసెఫ్ గ్రోల్ బంగారు రంగు లాగర్‌ను కాచాడు. 1870లలో కార్ల్ ఫాన్ లిండె శీతలీకరణ యంత్రం బ్రూవరీలకు చేరింది. 1878లో లోరెంజ్ ఎన్‌జింగర్ బీరు వడపోత యంత్రాన్ని తయారు చేశాడు. 1883లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే కణం నుంచి పెంచిన శుద్ధమైన ఈస్ట్‌ను వాడకంలోకి తెచ్చాడు. వీటి బలంతో పిల్సెన్ తరహా బీరు, అంటే పిల్స్నర్, జర్మనీ అంతటా వ్యాపించింది. కొలోన్ బ్రూవర్లకు అప్పుడు పెద్ద చిక్కు వచ్చిపడింది. జనానికి చల్లటి, తేట, పసుపు బీరు కావాలి. తమ చేతిలో ఉన్నదేమో వడగట్టని, మసకగా ఉండే వీస్ అనే పాత బీరు.

వాళ్లు తమ ఈస్ట్‌ను వదులుకోకుండా, కొత్త యంత్రాలన్నిటినీ దానికి జోడించారు. కొలోన్‌లోని కాల్క్ ప్రాంతంలో ఉన్న జ్యున్నర్ బ్రూవరీ 1906 నుంచి పైన పులిసే తేట బీరును కాచింది. 1918లో దానికి కోల్ష్ అన్న పేరు వాడింది. అంటే ఇప్పుడు మనం కోల్ష్ అంటున్న బీరు వయసు నూరేళ్లు దాటి కొంచెమే. దీన్ని ప్రాచీన సంప్రదాయంగా చూపడం కంటే, గట్టి పోటీలో ఒక నగరం తన ఈస్ట్‌ను నిలబెట్టుకున్న తీరుగా చూస్తేనే ఆ బ్రూవర్ల నేర్పుకు తగిన గౌరవం దక్కుతుంది.

రెండో ప్రపంచ యుద్ధం ఈ కథను దాదాపు ముగించేసింది. 1942 మే 30 రాత్రి వెయ్యి విమానాల దళం కొలోన్‌పై బాంబు దాడికి వచ్చింది. యుద్ధం ముగిసేసరికి పాత నగరంలో అత్యధిక భాగం శిథిలమైంది. అంతకుముందు నలభైకి పైగా ఉన్న బ్రూవరీల్లో పనిచేసే స్థితిలో మిగిలినవి రెండే. 1946 నుంచి ఒక్కొక్కటీ మళ్లీ తెరుచుకున్నా, 1960ల దాకా కోల్ష్ అమ్మకాలు ఊపందుకోలేదు. ఆ తర్వాత పెరిగిన గిరాకీతో బయటి ఊళ్లవాళ్లూ ఈ పేరుతో బీరు అమ్మడం మొదలుపెట్టారు.

1986 మార్చి 6న 24 బ్రూవరీలు కోల్ష్ ఒప్పందంపై సంతకాలు చేశాయి. లేత రంగు, బాగా పులిసిన, హాప్స్ రుచి తెలిసే, వడపోసిన, పైన పులిసే బీరు మాత్రమే కోల్ష్ అని దాని సారాంశం. కొలోన్‌లోనూ, అప్పటికే ఈ పేరు వాడుతున్న చుట్టుపక్కల కొద్ది బ్రూవరీల్లోనూ తప్ప మరెక్కడా దీన్ని కాయకూడదు. పోసే గ్లాసు కూడా ఒప్పందంలో ఉంది. 1997లో ఐరోపా సమాఖ్య ఈ పేరుకు భౌగోళిక రక్షణ ఇచ్చింది. మన బందరు లడ్డుకు ఉన్న భౌగోళిక గుర్తింపు లాంటిదే ఇది.

కోబెస్, ష్టాంగె

కొలోన్ బీరు ఇళ్లలో వడ్డించే మనిషిని కోబెస్ అంటారు. నీలం రంగు దుస్తులు, నడుముకు ఏప్రాన్, చేతిలో గుండ్రటి పళ్లెం, దానిలో గుంటల్లో నిలబెట్టిన గ్లాసులు. ష్టాంగె అనే ఆ గ్లాసు సన్నగా, నిలువుగా ఉంటుంది, పట్టేది 0.2 లీటర్లే. గ్లాసు ఖాళీ అయిందంటే మీరు అడగకముందే కోబెస్ నిండు గ్లాసు పెట్టి, కింద ఉన్న అట్టబిళ్ల మీద పెన్సిల్‌తో ఒక గీత గీసి వెళ్లిపోతాడు. లేచేటప్పుడు ఆ గీతలే లెక్క. ఇక చాలనుకుంటే బిళ్లను గ్లాసు మీద మూత పెట్టాలి. పెద్ద గ్లాసులో పోస్తే తాగేలోపు నురగ చచ్చిపోయి బీరు వెచ్చబడుతుంది కాబట్టి ఈ చిన్న గ్లాసు ఏర్పాటు అర్థవంతమైనదే. 1883 నాటి పెఫ్గెన్, కేథడ్రల్ పక్కనున్న 1904 నాటి ఫ్ర్యూ, 1858 నాటి మాల్ట్స్‌మ్యూలె ఇందుకు పేరుపడ్డ చోట్లు. 1999లో జి-8 సమావేశానికి వచ్చిన అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ మాల్ట్స్‌మ్యూలెలో భోంచేశారు. రైన్ వెంట కొద్ది దూరంలోని డ్యూసెల్‌డార్ఫ్ మాత్రం తన రాగిరంగు ఆల్ట్ బీరునే తాగుతుంది. ఈ విషయంలో రెండు నగరాలకూ ఏనాటి నుంచో పడదు.

ఇంటి తయారీలోకి

కోల్ష్ కొలోన్ దాటి ఇళ్లలోకి రావడానికి దారి వేసింది చట్టాలే. బ్రిటన్ 1963లో ఇంట్లో బీరు కాయడానికి లైసెన్సు అక్కర్లేదంది. అమెరికాలో 1933లో మద్యనిషేధం ముగిసినా ఇంటి బీరుకు మాత్రం అనుమతి రాలేదు. 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకంతో ఆ అడ్డు తొలగింది; ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల పరిమితి పెట్టారు. అదే ఏడాది కొలరాడోలో చార్లీ పపాజియన్ ఇంటి బ్రూవర్ల సంఘాన్ని ప్రారంభించాడు. రాష్ట్రాల చట్టాలు వేరు కాబట్టి మిసిసిపీ, అలబామా 2013 దాకా ఒప్పుకోలేదు.

ఇంటి బ్రూవర్లకు కోల్ష్ నచ్చడానికి కారణం ఉంది. లాగర్ పులియాలంటే పది డిగ్రీల చలి రోజుల తరబడి నిలకడగా ఉండాలి. కోల్ష్ ఈస్ట్ 15, 16 డిగ్రీల్లో పనిచేస్తుంది. చల్లటి నేలమాళిగ చాలు. తర్వాత నిలవకు మామూలు ఫ్రిజ్ సరిపోతుంది.

20 లీటర్లకు సుమారు 4 కిలోల పిల్స్నర్ మాల్ట్, అంటే మొలకెత్తించి తక్కువ వేడిలో ఆరబెట్టిన బార్లీ, కావాలి. కొందరు కాస్త గోధుమ మాల్ట్ కలుపుతారు. దాన్ని బరకగా మరపట్టి 65 డిగ్రీల నీళ్లలో గంటసేపు ఉంచితే పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. వడకట్టిన ఆ తియ్యటి ద్రవాన్ని, అంటే వర్ట్‌ను, గంటన్నర సేపు మూత తీసి మరిగించాలి. మూత పెడితే లేత మాల్ట్ నుంచి వచ్చే ఉడికిన మొక్కజొన్న వాసన బయటికి పోక బీరులోనే మిగిలిపోతుంది. హాలర్టావ్, టెట్నాంగ్, ష్పాల్ట్ ప్రాంతాల హాప్స్ మరుగు మొదట్లోనే వేస్తే హద్దులో ఉండే చేదు వస్తుంది. చల్లార్చిన వర్ట్ సాంద్రత 1.044 నుంచి 1.050 మధ్య ఉండాలి; పులిశాక అది 1.010 ప్రాంతానికి దిగుతుంది.

ఇక ఈస్ట్. ఇళ్లలో ఎక్కువగా వాడే వైఈస్ట్ సంస్థ 2565 రకం త్వరగా అడుగుకు దిగదు. పులియడం ముగిసి వారమైనా బీరు మసకగానే ఉంటుంది. రుచి చూస్తే పచ్చి యాపిల్ తగులుతుంది. ఇక్కడే చాలామంది ఓపిక పట్టలేక సీసాల్లో నింపేస్తారు. అలా తొందరపడకుండా బీరును ఒకటి, రెండు డిగ్రీల చలిలో మూడు, నాలుగు వారాలు కదపకుండా ఉంచితే ఈస్ట్ మొత్తం దిగి, ఆ పచ్చి వాసన పోయి, ముక్కు దగ్గర పెట్టుకుంటే తప్ప తెలియనంత సన్నటి పండు వాసన మాత్రం నిలుస్తుంది. ముదురు బీర్లలో కాల్చిన మాల్ట్ రుచి చిన్న పొరపాట్లను కప్పేస్తుంది. కోల్ష్‌లో గిన్నె సరిగ్గా కడగకపోయినా, వేడి రెండు డిగ్రీలు పెరిగినా మొదటి గుక్కలోనే బయటపడుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు తేలికైన బీరని దీన్ని సూచించడం నా దృష్టిలో సరైన సలహా అనిపించదు. రెండు మూడు రకాలు కాచి చెయ్యి తిరిగాక చేపట్టవలసినది ఇది.

ఇంట్లో కాచిన దాన్ని పోటీలకు పంపేటప్పుడు కోల్ష్ తరగతి కిందే చేరుస్తారు. ఐరోపాలో అమ్మాలంటే మాత్రం ఆ పేరు వాడటానికి వీల్లేదు. జర్మనీలో ఇంటి వాడకానికి ఏడాదికి 200 లీటర్ల దాకా ఉన్న పన్ను మినహాయింపును 2024 నుంచి 500 లీటర్లకు పెంచారు. తెలంగాణలో 2015లో మైక్రోబ్రూవరీలకు నిబంధనలు వచ్చాక, హైదరాబాద్‌లో అక్కడికక్కడే కాచి పోసే బీరు దొరుకుతోంది. అయితే ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ లైసెన్సు లేకుండా బీరు తయారు చేయడం 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద నేరం. విదేశాల్లో ఉంటూ దీన్ని ప్రయత్నించదలచిన తెలుగువారు మాల్ట్ కొనేముందే తామున్న దేశపు, రాష్ట్రపు నిబంధనలు చదువుకోవాలి.