మంచు పేర్లు పెట్టుకున్న ఓడలు

1942 ఏప్రిల్ అనగానే మన కోస్తావాళ్లకు విశాఖపట్నం మీద, కాకినాడ మీద పడిన జపాన్ బాంబులే గుర్తుకొస్తాయి. ఆ నెల 6న ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు వేసిన బాంబులవి. ఊళ్లో పడిన బాంబు కథగా మిగిలిపోతుంది. నడి సముద్రంలో మునిగిన ఓడను తలుచుకునేవాళ్లు తక్కువ. అయితే ఆ వారం అసలు దెబ్బ నీళ్ల మీదే తగిలింది. అల్లూరు నుంచి తూర్పుగా వెళ్లి ఇసకపల్లి ఒడ్డున నిలబడితే కనిపించే ఈ బంగాళాఖాతంలోనే, వైస్ అడ్మిరల్ ఒజావా నౌకాదళం కొద్ది రోజుల్లో 23 వర్తక నౌకలను ముంచేసింది. వాటి మొత్తం పరిమాణం 1,12,000 టన్నుల పైమాటే. దీన్ని జపాన్ బలానికి రుజువుగా చెప్పడం పరిపాటి. నాకు మాత్రం ఇది కాపలా లేని సముద్రం కథ అనిపిస్తుంది. ఆ కాపలా పనికి తగిన ఓడ, డిస్ట్రాయర్ అనే వేగమైన చిన్న యుద్ధనౌక.

ఒజావా తన దళాన్ని మూడు పాయలుగా విడగొట్టాడు. పెద్ద క్రూయిజర్ల వెంట వేటకు వచ్చిన నాలుగు డిస్ట్రాయర్ల పేర్లు వింటే యుద్ధం గుర్తుకు రాదు. షిరాకుమో అంటే తెల్లమబ్బు, అసగిరి పొద్దుటి మంచు, యూగిరి సాయంకాలపు మంచు, అమగిరి ఆకాశపు మంచు. నాలుగూ ఫుబుకి తరహావే. ఉక్కు గూళ్లలో జంటలుగా అమర్చిన 127 మిల్లీమీటర్ల ఫిరంగులు ఆరు, మూడేసి చొప్పున తొమ్మిది టార్పెడో గొట్టాలు, గంటకు 60 కిలోమీటర్లు దాటే వేగం. వాటి ముందు, అందులో మూడో వంతు వేగం కూడా లేని సరుకు ఓడ ఎంతసేపు నిలుస్తుంది? అమగిరి ఉన్న దక్షిణపు పాయ డార్డనస్, గండారా అనే బ్రిటిష్ ఓడలను, డాగ్‌ఫ్రెడ్ అనే నార్వే ఓడను ముంచింది. ఒడ్డు వెంబడే సాగే బకింగ్‌హామ్ కాలువలో పెద్ద గంజాం నుంచి మద్రాసు దాకా సరుకు మోసే పడవలకు ఈ గండం లేదు. సముద్రపు దారిలో ఓడలకు మాత్రం దిక్కులేకపోయింది.

బ్రిటిష్‌వాళ్ల దగ్గర ఓడలే లేనప్పుడు ఏం చేస్తారని అడగవచ్చు. సింగపూర్ పోయింది, రంగూన్ పోయింది, అదే వారంలో జపాన్ వైస్ అడ్మిరల్ నగుమో విమానాలు కొలంబో మీద, ట్రింకోమలీ మీద పడ్డాయి. నిజమే. కానీ అడ్మిరల్ సోమర్‌విల్ తూర్పు నౌకాదళంలో డిస్ట్రాయర్లకు కరువేమీ లేదు. అవి ఎక్కువగా పెద్ద యుద్ధనౌకలను కాస్తూ వాటి వెంటే తిరిగాయి. కలకత్తా రేవులో కిక్కిరిసిన వర్తక నౌకలను మాత్రం రక్షణ లేకుండానే సముద్రం మీదికి వదిలారు. అదొక నిర్ణయం. దాన్ని గతిలేనితనం కింద జమకట్టడం సరికాదు.

గెలిచిన జపాన్ కూడా ఈ పాఠం నేర్చుకోలేదు. దాని డిస్ట్రాయర్లను రాత్రివేళ శత్రు నౌకల మీద టార్పెడోలు వదలడానికి తీర్చిదిద్దారు. బియ్యం, నూనె, బొగ్గు తెచ్చే సొంత ఓడలను కాయడం దాని నౌకాదళానికి చిన్నతనంగా తోచింది. తర్వాత ఆ ఓడలు ఎక్కువగా మునిగింది అమెరికా జలాంతర్గాముల వల్ల కదా, డిస్ట్రాయర్లున్నా ఆపగలిగేవా అనే వాదన ఉంది. పూర్తిగా ఆపలేకపోవచ్చు. కానీ అట్లాంటిక్‌లో జర్మనీ జలాంతర్గాముల జోరుకు 1943లో అడ్డుకట్ట వేసినవాటిలో ముఖ్యమైనవి, గుంపుగా నడిచే ఓడల చుట్టూ తిరిగిన ఇలాంటి చిన్న యుద్ధనౌకలే.

బంగాళాఖాతంలో వేటాడిన ఆ నాలుగింటి చివరి రోజులు చూస్తే ఈ మాట మరింత గట్టిపడుతుంది. రవాణా ఓడలు పోలేని చోటికల్లా డిస్ట్రాయర్లే కూలి ఓడలయ్యాయి. అసగిరి 1942 ఆగస్టు 28న పసిఫిక్‌లోని గ్వాడల్‌కెనాల్ దీవికి సైనికులను మోసుకెళ్తూ విమానదాడిలో మునిగింది. అమగిరి 1943 ఆగస్టు 2న సైనికులనూ సరుకునూ దించి తిరిగొస్తూ, చీకట్లో ఒక చిన్న అమెరికా టార్పెడో పడవను రెండు ముక్కలు చేసింది. ఆ పడవ నాయకుడు, తర్వాత అధ్యక్షుడైన జాన్ కెన్నెడీ, ప్రాణాలతో బయటపడ్డాడు. అమగిరి మరుసటి ఏప్రిల్‌లో మందుపాతర తగిలి మునిగింది. దానికి నెల ముందే షిరాకుమోను జలాంతర్గామి పొట్టనబెట్టుకుంది. వర్తక నౌకల రక్షణకంటూ జపాన్ ప్రత్యేక అధికార కేంద్రాన్ని పెట్టింది 1943 నవంబరులో. అదే నెల 25న, బుకా దీవి నుంచి సైనికులను ఎక్కించుకుని వస్తున్న యూగిరి న్యూ ఐర్లండ్ దీవి దగ్గర అమెరికా డిస్ట్రాయర్ల చేతిలో మునిగిపోయింది.