గిటారూ, జావాస్క్రిప్టూ, లంబసింగి తుడుమూ

మా బ్యాండులో ఐదుగురం. ముగ్గురం వెబ్ డెవలపర్లం, ఒకడు టెస్టరు, ఇంకొకడు ఉద్యోగం మానేసి పిల్లలకి గిటారు నేర్పుతున్నాడు. వైజాగులో ఎక్కడ వాయించినా స్టేజీ దిగాక అడిగే ప్రశ్న ఒకటే: "రెండూ ఎలా మేనేజ్ చేస్తున్నారండీ?" ఇంట్లో వాళ్ళు అంత మర్యాదగా అడగరు. "ఇందులో ఏది వదిలేస్తావురా?" అంటారు. రెండు ప్రశ్నల్లోనూ ఉద్యోగమూ పాటా సవతులనే లెక్క. పాత సంగతులు కాస్త తిరగేస్తే ఈ సవతి పోరు మరీ అంత పాతదేం కాదని నాకనిపించింది. ఆ ముచ్చటే ఇది.

ముందు మన వృత్తి పుట్టింటి నుంచే మొదలుపెడదాం. టిమ్ బెర్నర్స్-లీ 1989లో వెబ్ ప్రతిపాదన రాసింది స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనశాలలో. 1990లో అక్కడే ఆడవాళ్ళు కొందరు కలిసి 'లే ఓరిబ్ల్ సెర్నెత్' అని ఒక పాటల బృందం పెట్టుకున్నారు. వాళ్ళకి పాటలు రాసిన సిల్వానో డి జెన్నారో అక్కడి కంప్యూటరు ఉద్యోగే. 1992లో ఆయన తీసిన వాళ్ళ ఫోటో వెబ్‌లోకి ఎక్కిన మొట్టమొదటి ఫోటోల్లో ఒకటి. అంటే మనం పొద్దున లేస్తే దిద్దుకుంటూ కూర్చునే ఈ వెబ్ పేజీల మీద మొదట్లోనే ఒక బ్యాండు బొమ్మ ఉందన్నమాట! ఇంకో తమాషా ఏంటంటే, 'కొలైడర్' అనే వాళ్ళ పాట ప్రియుడు తనని వదిలేసి పొద్దస్తమానం ల్యాబులోనే పడుంటున్నాడని ఒక అమ్మాయి పడే బాధ. ఆన్-కాల్ డ్యూటీలో ఉన్నవాడి భార్యకి వేరే వివరణ అక్కర్లేదు.

అమెరికాలో టామ్ షోల్జ్ ఎంఐటీలో మెకానికల్ ఇంజనీరింగు చదివి పోలరాయిడ్ కంపెనీలో డిజైన్ ఇంజనీరుగా చేరాడు. జీతం డబ్బులతో ఇంటి కింద గదిలో రికార్డింగు సామాను సమకూర్చుకుని, ఆఫీసు అయ్యాక రాత్రిళ్ళు అక్కడ కూర్చునేవాడు. 1976లో వచ్చిన 'బోస్టన్' ఆల్బమ్ చాలావరకు ఆ గదిలోనే తయారైంది. ఆ తర్వాత అది కోటికి పైగా అమ్ముడుపోయింది.

మనవాళ్ళలో లేరా అంటే, బాలు గారే ఉన్నారు. అనంతపురంలో ఇంజనీరింగులో చేరి, టైఫాయిడ్ వల్ల మధ్యలో ఆపేసి, మద్రాసులో ఏఎంఐఈకి చదువుతూనే కచేరీలు చేశారు. ఆయన నడిపిన లైట్ మ్యూజిక్ ట్రూపులో ఇళయరాజా, గంగై అమరన్ ఉండేవారు. 1966లో 'శ్రీ శ్రీ శ్రీ మర్యాద రామన్న'తో సినిమా పాట మొదలైంది. తర్వాతి కథ అందరికీ తెలుసు.

ఇలాంటి కథలు చెప్తే వెంటనే వచ్చే మాట: "వాళ్ళ ప్రతిభ వేరు." నిజమే. కానీ ప్రతిభ కన్నా ముందు వాళ్ళ చేతిలో ఇంకోటి ఉంది. సాయంత్రం. షోల్జ్ ఆఫీసు వదిలాక ఆ రాత్రి ఆయనదే. కింద గదిలో ఉండగా "ప్రొడక్షన్ పడిపోయింది" అని ఫోను రాదు.

ఈ ఆలోచన నాకు లంబసింగిలో పట్టుకుంది. మొన్న డిసెంబరులో బ్యాండంతా అక్కడికి వెళ్ళాం. మంచు, గుడారాలు, చలిమంట, అన్నీ అమిరాయి. మా డ్రమ్మరు మాత్రం సిగ్నలు కోసం రోడ్డు పక్కన బండరాయెక్కి, దుప్పటి కప్పుకుని, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని రాత్రి రెండు దాకా సర్వర్లతో కుస్తీ పట్టాడు. అంతకు ముందే సాయంత్రం పర్యాటకుల కోసం స్థానికులు థింసా ఆడారు. తుడుము వాయించినాయన పొద్దున కాఫీ పళ్ళు కోసి వచ్చాడట. "మీరూ వాయిస్తారా బాబూ?" అని అడిగి, మావాడి సంగతి విని, "పాటకి కూడా సెలవు పెట్టాలా?" అన్నాడు. వెక్కిరింత కాదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు.

ఆ కొండల్లో పాత లెక్క వేరు. మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు వాయించేవాళ్ళు సేద్యం చేసుకునేవాళ్ళే. చైత్రంలో ఇటుకల పండగ వస్తే ఊరు ఊరంతా పని పక్కన పెడుతుంది. అక్కడ ఎవరూ 'మేనేజ్' చెయ్యక్కర్లేదు, పంచాంగమే చేసి పెడుతుంది.

ఆ కాలాన్ని బయటివాళ్ళు లాక్కున్న చరిత్ర కూడా అక్కడే ఉంది. 1882 మద్రాసు అటవీ చట్టం పోడు మీద ఆంక్షలు పెట్టింది. ఆ తర్వాత నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి పోయే రోడ్డు పనికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం జనాన్ని సరైన కూలి ఇవ్వకుండా తోలాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడటం వెనక ఉన్న కారణాల్లో ఈ వెట్టి కూడా ఒకటి. మనం వీకెండ్‌కి కారేసుకుని వెళ్ళే ఘాట్ రోడ్డు చరిత్ర ఇదండీ.

ఏసీలో కూర్చుని జీతం తీసుకునే మన పనిని వెట్టితో పోలిస్తే పాపం తగుల్తుంది, పోల్చను. నేను చెప్పేది చిన్న విషయం. మనిషికి పని ఎక్కువైతే పాట ఆగిపోదు. ఎప్పుడు పిలుపొస్తుందో తెలియనప్పుడు ఆగిపోతుంది. కాఫీ కోత కష్టమే, కానీ చీకటి పడితే ఆగుతుంది. మన స్ప్రింటు అలా ఆగదు. ఆ థింసా బృందానికీ ఇప్పుడు మన రోగం అంటుకుంటోంది. చైత్రం దాకా ఆగకుండా, బస్సు ఎప్పుడొస్తే అప్పుడు ఆడాలి. నాలుగు డబ్బులు వస్తున్నాయి, వద్దనే హక్కు మనకి లేదు. కానీ వాళ్ళ పండక్కి వాళ్ళు ఆడుకునే రోజు వాళ్ళకి మిగలాలి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా డ్రమ్మరుకి ప్రమోషన్ వచ్చింది. అమెరికా షిఫ్టు. సాయంత్రం ఆరు నుంచి తెల్లవారుజాము దాకా. ఇంట్లో పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు, జీతం పెరిగితే మంచిదే. వదులుకోమని చెప్పే మొహం మాకెవరికీ లేదు. "బ్యాండు మానెయ్యాలేమోరా" అన్నాడు మొన్న. "ఏది వదలాలో తర్వాత తేల్చుకో, ముందు వారానికి రెండు సాయంత్రాలు రాతపూర్వకంగా అడుగు" అన్నాం. మెయిలు రాశాడు గానీ ఇంకా పంపలేదు. సోమవారం పంపుతానన్నాడు.