సీతాకోకచిలుకల పొత్తు

తోటలో సీతాకోకచిలుకను జూచి, దాని సొగసును మెచ్చుకొని, మనము అంతటితో విరమింతుము. ఆ రంగు లెందుల కేర్పడినవని యడుగువా రరుదు. అమెరికాఖండపు ఉష్ణవనములలోని హెలికోనియస్ మొదలగు జాతులను గూర్చి యీ ప్రశ్న నడిగినవారి చరిత్రమును మేమిచ్చట సంగ్రహముగా జెప్పెదము.

హెలికోనియస్ గొంగళిపురుగులు కృష్ణకమలపు కుటుంబమునకు జేరిన తీగల యాకులను దిని పెరుగును. ఆ యాకులలో సయనైడు పుట్టించు విషము కలదు. పురుగులు దానిని సహించుటయే గాక, తామును దేహమున నట్టి విషమును కూర్చుకొనును. తీగయు నూరకుండదు. కొన్ని తీగల యాకులపై పసుపుపచ్చని గ్రుడ్లవంటి బొడిపె లుండును. తల్లి సీతాకోకచిలుక వానిని జూచి, మఱియొకటి ముందే గ్రుడ్లు పెట్టినదని భ్రమించి మరలిపోవును.

లెస్టరు పట్టణపు మేజోళ్ల వర్తకుని కుమారుడగు హెన్రీ వాల్టర్ బేట్స్ 1848లో అమెజాన్ ప్రాంతమునకు బోయి, పదునొకండేండ్లు గడపెను. పక్షులు ముట్టని జాతుల రూపమును విషములేని జాతులు ధరించి బ్రదుకుచున్నవని 1862లో ప్రకటించెను. అయితే రెండు విషజాతులే యొకదానినొకటి పోలియుండుటకు ఆయన తగిన కారణము చెప్పలేకపోయెను. విషము గలదానికి వేషమేల?

ఈ చిక్కు విప్పినవాడు ఫ్రిట్జ్ మ్యుల్లర్. జర్మనీలో వైద్యము చదివియు, తన మనస్సున కొప్పని మతప్రమాణము చేయనొల్లక, పట్టమును వదలుకొని, 1852లో బ్రెజిలునకు వలసపోయిన ధీరుడాయన. 1879లో ఆయన చూపిన లెక్క యిది. పక్షులు రుచిచూచి గాని విషజాతిని గుర్తింపవు. అందులకు 1,200 సీతాకోకచిలుకలు బలి కావలెననుకొందము. ఒక జాతివి 10,000, మఱియొక జాతివి 2,000 ఉన్నవనుకొందము. రూపములు వేఱైనచో ప్రతిజాతియు 1,200 కోలుపోవును. చిన్నజాతిలో సగమునకు మించి నశించును. రూప మొక్కటియైనచో పెద్దజాతికి 1,000, చిన్నజాతికి 200 మాత్రమే నష్టము. ఇరుజాతులకును లాభమే, చిన్నదానికి మఱింత లాభము. హెలికోనియస్ ఎరాటో, మెల్పొమెనె అను రెండు జాతులు ప్రాంతప్రాంతమునకు రంగులు మార్చుకొనుచున్నను, పెక్కుచోటుల జంటగానే మారుట దీనికి ప్రసిద్ధమైన నిదర్శనము.

ఇది యాలోచించి చేసికొన్న యొడంబడిక గాదు. తరతరముల ప్రకృతివరణమున నేర్పడినది. కావున పోలికనెల్ల మోసమని తలంచుట తొందరపాటు. నష్టమును పంచుకొను పోలికయు గలదు.

బేట్స్ చెప్పిన వేషము మన పెరటిలోనే కలదు. కరివేపమొక్కపై పెరుగు నల్లని సీతాకోకచిలుకలలో కొన్ని యాడువి, విషముగల వేఱొకజాతి యెఱ్ఱమచ్చలను ధరించును. బిడ్డలు ఆ మొక్కపై పురుగును చూపి ప్రశ్నించినప్పుడు, ఛీ యని త్రోసివేయక, దినదినము చూచి వ్రాసికొమ్మని చెప్పుదము. ఆ గొప్పవారిరువురును చేసిన పని యదియే.