తుంగభద్ర పుట్టి
బళ్లారి సరిహద్దు ప్రాంతంలో తుంగభద్ర దాటడానికి, చేపలు పట్టడానికి వాడే గుండ్రటి నాటు పడవ. కన్నడిగులు హరిగోలు అంటారు. వెదురు బద్దలతో అల్లి పూర్వం తోలు కప్పేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా పరిచి తారు పూస్తున్నారు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, ఆనెగొంది దగ్గర పదిహేను ఇరవై మందిని మోసే ఇలాంటి పడవలను వర్ణించాడు. అవసరమైతే గుర్రాలను, ఎద్దులను కూడా వీటిలో దాటించేవారట!

జాలరి వాడే చిన్న పుట్టి ఒక్కరికే సరిపోతుంది. దీనికి ముందూ వెనకా లేవు; ఒక పక్కనే తెడ్డేస్తే గిరగిరా తిరుగుతుంది. అందుకే నడిపేవాడు అంచున కూర్చుని, తెడ్డును ఎదుట నీళ్లలో దించి తనవైపు లాక్కుంటాడు. అడుగు బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి బండల మధ్య లోతు తక్కువ నీటిలోనూ సాగుతుంది. ఈ రాతి నదికి ఇదే తగినది.

తుంగభద్ర ఆనకట్ట దిగువన కంప్లి వరకు సుమారు 34 కి.మీ. మేర నది 2015 నుంచి నీటికుక్కల సంరక్షణ ప్రాంతం. మొసళ్లూ ఉన్నాయి కాబట్టి నది ఒడ్డున ఒంటరిగా రాత్రి గడపడం తెలివైన పని కాదు. అంతకంటే పెద్ద ప్రమాదం ఆనకట్ట నుంచి వదిలే నీరు. 2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి 19వ గేటు కొట్టుకుపోయింది. గేట్లు ఎత్తిన రోజుల్లో పుట్టి నీళ్లలోకి దించకూడదు.